నాలుగో మూల

శనివారం సాయంత్రం నా పని చెప్పుల దగ్గర.
ఎవరూ అప్పగించలేదు, నేనే పెట్టుకున్నాను.
డెబ్భై దాటిన మోకాళ్లు చాప మీద కూర్చోనివ్వవు.
లేసు అల్లీ అల్లీ కళ్లు పోయాయి గానీ
గుమ్మం ముందు కొత్త జత పడితే
ఇట్టే పట్టేస్తానండి.

చర్చికి గంట ఉంది, బల్లలున్నాయి,
ముందు వరసలో ఎవరు కూర్చోవాలో
తాతల నాటి లెక్కుంది.
అందుకే నెలకో శనివారం
ఏలియా గారి కొబ్బరి పాకలో కూడతాం.
డొక్కల పోగు ఓ పక్కకి నెట్టి
చాపలు పరిస్తే అయిపోయింది.
మైకు లేదు. కానుకల సంచి లేదు.
పిల్లలు మట్టి పిసుకుతారు, ఈనెలతో బుట్టలల్లుతారు.
పెద్దాళ్లూ పిసుకుతారు, ఒప్పుకోరు గానీ.
మధ్యలో ఓ కథ వస్తుంది, ఆకలి వేళకి ఉప్మా వస్తుంది,
ప్రార్థన ఎప్పుడొచ్చి వెళ్లిందో
ఒక్కోసారి తెలీనే తెలీదు.

మొన్న మూడు కొత్త జతలు.
పట్టీ తెగితే పిన్నీసు పెట్టిన ఆడమనిషి చెప్పులు.
ఎడమది ఎరుపు, కుడిది పసుపు, చిన్నవి.
మోకాలి దాకా రబ్బరు బూట్లు, రొయ్యల మేత వాసన.
బూట్లు మాత్రం విడిచి లేవు.
వాటిలో మనిషి నిలబడే ఉన్నాడు.

దాలయ్యట. శ్రీకాకుళం అవతల ఊరట.
నర్సాపురంలో రైలు దిగి, పంటు దాటి
మూడు నెలలు.
చెరువు గట్టు మీద రేకుల గది,
రాత్రంతా ఏరియేటర్ల హోరు, చేతిలో టార్చి.
ఊళ్లో వాళ్లకి మేం పెట్టిన పేరు ‘చెరువోళ్లు’.
అంతకు మించి ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు, నిజం చెప్పాలి.
పాల కేంద్రం దగ్గర ఆ పిల్లని మూడుసార్లు చూశాను,
మూడుసార్లూ నా చిల్లర లెక్కపెట్టుకున్నాను.

“లోపలికి రండి” అంది పాస్టరమ్మ.
“మేం మీ వోళ్లం కాదమ్మా.
గుంట ఏడుస్తంటే తెచ్చినాం. నానిక్కడే ఉంతాను.”

ఏ వచనం చెబుతుందా అని చూశాను.
ఆవిడకి తీరికేదీ?
ఆ పూట కథ సముద్రం మీద తుపాను.
సముద్రానికని చెరువుల్లో పరిచే నీలం పట్టా తెచ్చారు.
ఓ మూల సువార్తమ్మ, ఓ మూల ఆటో పీటరు,
ఓ మూల పదో తరగతి కెజియా.
నాలుగోది నేల మీద పడి ఉంది.
“ఇదిగో, ఇది పట్టుకోండి” అంది.
అంతే.

పట్టా పట్టడం అతనికొకరు నేర్పాలా!
రెండు మడతలేసి పిడికిట్లో బిగించి
“అలాక్కాదు బాబూ, చిరిగిపోద్ది, ఇలాగ” అన్నాడు.
పీటరు మడత విప్పి మళ్లీ వేశాడు.
సముద్రం లేచింది.
చాటలో ఎక్కిన అట్ట శిష్యులు
ఎగిరి డొక్కల్లో పడ్డారు.
పట్టా కింద పిల్లల కేకలు,
అందరికంటే పైన ఆ చిన్నదాని గొంతు:
“నాన్నా! ఇంకా ఊపు! ఇంకా!”

“ఊరకుండుము” అంది కెజియా, కథ ప్రకారం.
మూడు మూలలు ఆగాయి.
దాలయ్య ఆపలేదు.
ఎక్కడ ఆపాలో అతనికెవరు చెప్పారు గనక?
పళ్లు బిగబట్టి, ఎటో చూస్తూ
ఒక్కడే ఊపుతున్నాడు.
వాళ్ల జీడితోటని పడుకోబెట్టిన గాలి సంగతి
తర్వాత ఆవిడ చెప్పింది, ఉప్మా తింటూ.
అప్పటికి మాకేమీ తెలీదు.
పీటరు అతని వంక చూశాడు.
ఏమీ అనకుండా మళ్లీ మొదలెట్టాడు.
సువార్తమ్మ కూడా. కెజియా కూడా.
ఆవేళ సముద్రం
కాస్త ఆలస్యంగా శాంతించింది.

చీకటి పడ్డాక గుమ్మం వంక చూద్దును కదా,
బూట్లు!
ఒకటి నిలబడి, ఒకటి పక్కకి ఒరిగి.
కాపలా ఉన్నదాన్ని నేనే,
ఎప్పుడు విడిచాడో చూడలేదు.

వెళ్లేటప్పుడు పిల్లని పేరడిగాను.
చెప్పింది. అరిచి అరిచి గొంతు పోయింది,
నా చెవులు సరేసరి,
సగమే వినపడింది.
వచ్చే నెల దాకా ఎందుకు,
రేపు పాల కేంద్రం దగ్గర అడుగుతాను.